గరాజ్‌లో ఎలక్ట్రిక్ స్లైడ్: 18 కౌంట్లు, 33 సాధనలు

ఎలక్ట్రిక్ స్లైడ్ అనే వరస డాన్సు నేర్చుకోవడం మొదలుపెట్టింది ఏప్రిల్ 12, 2025, శనివారం. గడువు మే 31, ఆ రోజు ఎదురింటావిడ మనవడి హైస్కూల్ గ్రాడ్యుయేషన్ కుకౌట్ (ఆరుబయట వండుకు తినే విందు). మధ్యలో సరిగ్గా ఏడు వారాలు. వాళ్లింట్లో ఏ శుభకార్యమైనా ఈ డాన్సు లేకుండా ముగియదట. పిల్లలూ ముసలాళ్లూ అందరూ వరసల్లో నిలబడి ఆడతారట. "మీరూ నిలబడాలి" అని ఆవిడ ఒక్క మాటతో తేల్చేసింది.

ఆడాల్సింది ఇద్దరం. నాకు 66, తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా ఆవిడకు 61. ఊళ్లో భజన కోలాటం వేసింది, బ్రహ్మోత్సవాలకు బృందంతో పాటు తిరుమల మాడవీధుల్లో కూడా ఆడింది. నేను ఆడింది కబడ్డీ, అదీ కాలేజీ దాకానే. చోటు ఇర్వింగ్‌లో మా అబ్బాయి ఇల్లు. డాలస్‌ని ఆనుకునే ఉంటుంది. వచ్చింది ఆరు నెలలకు.

పిల్లల దగ్గరికి వచ్చి సోఫాలో కూర్చుని విసిగిపోయిన అమ్మానాన్నలు ఎవరైనా ఇది మొదలుపెడితే, మేం పోగొట్టుకున్న మూడు వారాలు వాళ్లకైనా మిగలాలని రాస్తున్నాను.

దశ 1: ఏ కాలు? (ఏప్రిల్ 12–18)

మొదటి నాలుగు రోజులూ దండగ. తప్పు మాదే. నేను ఫోన్లో ఒక వీడియో చూసి నేర్చుకున్నాను, మా ఆవిడ ఐప్యాడ్‌లో ఇంకోటి చూసింది. మూడో రోజు పక్కపక్కన నిలబడితే రెండు వేరు వేరు డాన్సులు. ఆమె వీడియోలో 18 కౌంట్లు (ఒక్కో కదలికకి ఒక్కో కౌంటు), నాదాన్లో 22. ఎవరిది తప్పో తేలక ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం.

నిజానికి రెండూ ఉన్నాయి. ఈ అడుగులు కూర్చింది తనేనని, 1976లో కూర్చానని చెప్పే రిక్ సిల్వర్ లెక్కలో ఇది 22 అడుగులది. జనం ఆడుకునేది 18. జనం తప్పు ఆడుతున్నారని ఆయనకు ఎంత కడుపుమంటంటే, 2007లో ఒకరి వీడియోను యూట్యూబ్ నుంచి తీయించాడు. ఆ గొడవ కోర్టు మెట్లెక్కి చివరికి రాజీ అయింది. జమైకా గాయని మార్సియా గ్రిఫిత్స్ పాడిన 'ఎలక్ట్రిక్ బూగీ'తో ఈ డాన్సు ఊరూరా పాకింది. ఎదురింటావిడను అడిగితే, తన పెళ్లినాటి నుంచీ 18 తప్ప ఇంకోటి చూడలేదంది. మేమూ 18కి ఖాయం చేసుకున్నాం. మీరు కూడా ఎవరితో ఆడబోతున్నారో వాళ్లని ముందే అడగండి. ఇద్దరు నేర్చుకుంటుంటే ఒకే వీడియో పెట్టుకోండి.

18 కౌంట్లు ఇవీ:

1. కుడికాలు కుడిపక్కకు. ఎడమకాలు దాని వెనక నుంచి. మళ్లీ కుడికాలు కుడిపక్కకు. ఎడమకాలు దగ్గరికి తెచ్చి తాకించడం. (1–4)
2. అదే ఎడమవైపు: ఎడమ, వెనక నుంచి కుడి, ఎడమ, కుడికాలు తాకించడం. (5–8)
3. వెనక్కి నడక: కుడి, ఎడమ, కుడి. ఎడమకాలు తాకించడం. (9–12)
4. ఎడమకాలు ముందుకు, కుడికాలు తాకించడం. (13–14)
5. కుడికాలు వెనక్కి, ఎడమకాలు తాకించడం. (15–16)
6. ఎడమకాలు ముందుకు వేస్తూ ఎడమచేతి గోడవైపు తిరగడం, కుడి మడమను నేలకు రాస్తూ ముందుకు ఊపడం. (17–18)

ఇక్కడితో ఒక 'గోడ' అయినట్టు. తర్వాతి గోడకి ఎదురుగా నిలబడి మళ్లీ మొదటి నుంచి. నాలుగు గోడలైతే ఒక చుట్టు. పక్కకి వేసే ఆ నాలుగు కౌంట్లని ఇక్కడివాళ్లు గ్రేప్‌వైన్ అంటారు, ద్రాక్షతీగలా అల్లుకుంటూ పోతుందని కాబోలు. మా ఆవిడ 'అల్లిక' అని పేరు పెట్టింది. ఇంట్లో అదే స్థిరపడిపోయింది.

ఆమెకు అల్లిక పది నిమిషాల్లో వచ్చింది. నాకు వారం పట్టింది. అయిదో కౌంటులో ఎడమకాలు లేవాలి, నాకేమో కుడికాలు లేచేది. ప్రతిసారీ ఇదే. "కాళ్లు చూసుకోండి" అంది ఆమె. చూసుకుంటే మరీ ఘోరం, తల వంచేసరికి ఒళ్లు తూలేది.

కారణం పట్టించింది తూకం మిషను. బాత్రూంలో ఉండే మిషను తెచ్చి నేలమీద పెట్టాను. దాని పక్కన అంతే ఎత్తుండే పుస్తకం పెట్టి, కుడికాలు పుస్తకం మీద, ఎడమకాలు మిషను మీద 'తాకించి' చూశాను. నా బరువు 71 కిలోలు. తాకించాననుకున్న కాలి మీద 19 కిలోలు చూపించింది. అంటే అది తాకడం కాదు, సగం నిలబడటం. బరువు పడిన కాలిని వెంటనే లేపాలంటే లేవదు మరి, అందుకే రెండోది లేస్తోంది. మా ఆవిడ నిలబడితే 2 కిలోలు.

అప్పుడు కాగితం మీద బరువు పడే కౌంట్లు మాత్రమే రాశాను. 1, 2, 3, 5, 6, 7, 9, 10, 11, 13, 15, 17. మొత్తం పన్నెండు. కింద కాళ్లు రాస్తే: కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ… చివరిదాకా ఇదే, ఎక్కడా తప్పదు. ఇది ఉత్త నడకే! తాకే ఆరు కౌంట్లు నడకలో ఆగే చోట్లు. ఒకే కాలు వరసగా రెండుసార్లు వేసే పని ఈ డాన్సులో ఎక్కడా లేదు. ఏ వీడియోలోనూ ఈ ముక్క చెప్పలేదు, మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేది.

మార్చింది: తాకేటప్పుడు పాదమంతా ఆనించడం మానేసి, మునివేళ్లతో తాకడం. మూడు రోజుల తర్వాత మిషను మీద 4 కిలోలు.

*లెక్క: 6 సాధనలు, 75 నిమిషాలు. తప్పులేని చుట్లు (72 కౌంట్లు ఆగకుండా): నావి 0, ఆమెవి 0. ఖర్చు 0.*

దశ 2: వేగం, నేల, మోకాలు (ఏప్రిల్ 19–27)

పాట పెట్టుకుని నేర్చుకుందామంటే పాట మన కోసం ఆగదు. ఫోన్లో ఉచితంగా దొరికే మెట్రోనోమ్ దించాను. టిక్కు టిక్కుమంటుంది, నిమిషానికి ఎన్ని దెబ్బలో మనమే పెట్టుకోవచ్చు.

నిమ్మళంగా నేర్చుకోవాలని 60కి పెట్టాను. ఇది రెండో పెద్ద పొరపాటు. 60లో ఒక గోడకి 18 సెకన్లు పడుతుంది, తాకే కౌంటులో సెకను పాటు ఒంటికాలి మీద నిలబడాలి. కొంగలకు సాధ్యం, నాకు కాదు. ఒళ్లు తూలడం, ఆపుకోవడానికి తాకిన కాలి మీద బరువు వేయడం, మళ్లీ దశ 1 రోగం. మెల్లగా అయితే సులువు అనుకుంటాం కానీ దీన్లో మెల్లనే కష్టం. 76కి పెంచాక నడక నడకలా అయింది. సైకిలు తొక్కడం లాంటిదే, మరీ మెల్లగా పోతే పడిపోతాం.

ఎంత దాకా పెంచాలో తెలియడానికి ఎదురింటావిడ పెరట్లో పెట్టుకునే పాటలు కంచె ఇవతల నుంచి వింటూ 15 సెకన్లకు ఎన్ని దెబ్బలో లెక్కపెట్టాను. 26 నుంచి 28 దాకా వచ్చాయి. నాలుగుతో హెచ్చిస్తే 104 నుంచి 112. కాబట్టి గురి 108. అక్కడ ఒక చుట్టుకి సరిగ్గా 40 సెకన్లు. 76 నుంచి మొదలుపెట్టి, తప్పులేని గోడలు వరసగా అయిదు వస్తేనే 4 పెంచాలని నియమం పెట్టుకున్నాం.

ఇక నేల. హాల్లో మందపాటి కార్పెట్, నా కాళ్లకు రబ్బరు అడుగున్న వాకింగ్ షూ. 21వ తేదీ 17వ కౌంటులో తిరిగాను. పాదం కార్పెట్‌కి అతుక్కుపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. మోకాలు లోపల కలుక్కుమంది. రెండు రోజులు ఐసుగడ్డ, విశ్రాంతి, ఫోన్లో అబ్బాయి చీవాట్లు. (అదే ఇంట్లో పై గదిలో ఉండి ఫోన్ చేశాడు. మీటింగులో ఉన్నాడట.)

వరసగా ప్రయత్నించినవి:

1. మేజోళ్లతో వంటగది టైల్స్ మీద: జారుడు ఎక్కువ. వెనక్కి నడిచేటప్పుడు కౌంటర్ పట్టుకోవాల్సి వచ్చింది. వద్దు.
2. ఉత్త కాళ్లతో గరాజ్ సిమెంటు మీద: పట్టు బాగుంది, పదిహేను నిమిషాలకే అరికాళ్లు మంట.
3. పెళ్లిళ్లకని తెచ్చుకున్న తోలు అడుగు బూట్లతో గరాజ్‌లో: తిరగడం హాయిగా ఉంది. అన్నిట్లోకీ ఇదే నయం. బూట్ల అడుగు గీసుకుపోతుంది, ఆ బాధ మీకు లేకపోతే సరే.

బూట్ల కన్నా ముఖ్యమైనది తిరిగే పద్ధతి. నేను కాలు ఆనించి, ఆ తర్వాత తిప్పుతున్నాను. అసలు చేయాల్సింది ఎడమకాలు గాల్లో ఉన్నప్పుడే వేళ్లు కొత్త గోడవైపు తిప్పి, ఆ తర్వాత దించడం. దించాక పాదం కదలకూడదు, వెనక నుంచి తుంటి వచ్చి దాన్ని కలుస్తుంది. ఇలా చేస్తే ఏ చెప్పులైనా ఫర్వాలేదు, కార్పెట్ మీద కూడా మోకాలు మెలిపడలేదు. మోకాలు నొప్పి ముందునుంచే ఉన్నవాళ్లు ఆ తిరుగుడుని 17లో ఒక్కసారిగా కాకుండా 17కి సగం, 18కి సగం చేసుకోవచ్చు. పక్కవాళ్లకి తెలియదు.

*లెక్క: ఈ దశలో 6 సాధనలు, 120 నిమిషాలు. మొత్తం 12 సాధనలు, 195 నిమిషాలు. చేరిన వేగం 84. తప్పులేని చుట్లు: నావి 2, ఆమెవి 0. ఖర్చు: మోకాలి పట్టీ 11 డాలర్లు.*

పైన అంకెలు తారుమారు కాలేదు. ఆమెవి సున్నాయే.

దశ 3: పదహారు దగ్గర గొయ్యి (ఏప్రిల్ 28–మే 10)

అడుగులన్నీ మొదటి రోజే వచ్చిన మనిషి, మూడో వారానికి కూడా ఒక చుట్టు పూర్తి చేయలేకపోయింది. ప్రతిసారీ ఒకటే చోట తప్పు. 15–16లో వెనక్కి వేసి తాకించాక, తిరిగే రెండు కౌంట్లు మింగేసి, నేరుగా మొదటి అల్లికలోకి వెళ్లిపోయేది. నేను రెండో గోడకి, అంటే గరాజ్‌లో అల్మారా వైపు తిరిగి ఉంటే, ఆమె మొదటి గోడైన షట్టరు వైపే చూస్తూ కుడికి వచ్చేది. భుజాలు గుద్దుకోవడం రోజుకి నాలుగైదుసార్లు.

29వ తేదీ ఫోన్ని పెయింటు డబ్బా మీద నిలబెట్టి ఇద్దరినీ రికార్డు చేశాను. ఇరవై గోడల్లో ఆమె 14 సార్లు 16 దగ్గర మొదటికి వెళ్లింది. మిగతా ఆరూ నేను "పదిహేడూ" అని అరిచినప్పుడు సరిగ్గా వచ్చినవి.

దీనికి కోలాటమే కారణం. కోలాటంలో ఆమె వేసిన కోపులన్నీ (అడుగుల వరసలన్నీ) నాలుగుల్లోనో ఎనిమిదుల్లోనో నడిచేవి. పదహారు అయిందంటే కోలు మారాలి, మనిషి మారాలి. ముప్పై ఏళ్లుగా ఒంట్లో ఇంకిపోయిన లెక్క అది. తాళం రాని నాకు పదహారైనా పద్దెనిమిదైనా ఒకటే, అందుకని నేను ఇబ్బంది పడలేదు. జ్ఞానం ఎక్కువైన చోట ఇలాంటి గొయ్యి ఉంటుందని క్లాసులో కూడా చూశాను. బట్టీ కొట్టిన ఎక్కాలు బాగా వచ్చినవాడే కొత్తరకం లెక్కలో ముందు జారతాడు.

ముందు ప్రయత్నించిన విరుగుడు: నేను గట్టిగా 1 నుంచి 18 దాకా చదవడం. మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు ఆమె ఆగిపోయి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏవండీ, మీరు ఎక్కం చదువుతుంటే నా కాళ్లు స్కూలుకెళ్లి కూర్చుంటున్నాయి. కాసేపు నోరు మూసుకోండి" అంది. మూసుకున్నాను.

తర్వాత ఆమె ఒక్కతే నిలబడి నోటితో కొట్టుకుంటూ మొదలుపెట్టింది:

తకధిమి – తకధిమి – తకధిమి – తక – తక – తక.

మూడు నాలుగులు పన్నెండు, మూడు రెండ్లు ఆరు. పద్దెనిమిది! అల్లిక ఒక తకధిమి, ఎదురల్లిక ఒక తకధిమి, వెనక నడక ఒక తకధిమి. తర్వాత ముందుకో తక, వెనక్కో తక, తిరగడానికో తక. ఆ చివరి మూడు తకలు వినడానికి, తాళం ముగించే ముక్తాయింపులాగే ఉంటాయి. ముక్తాయింపు రెండు తకలతో ఆపేయడం ఆమెకి చేతకాదు, నోరే ఒప్పుకోదు. అదే రోజు సాయంత్రం వరసగా మూడు చుట్లు తప్పు లేకుండా వేసింది.

నేనూ అంకెలు వదిలేశాను. నలభై ఏళ్లు అంకెలమ్ముకుని బతికినవాణ్ణి, కొంచెం చిన్నతనంగానే అనిపించింది. కానీ నోటి లెక్క పక్కన పెట్టాక అల్లికల్లో నా తొందరపాటు కూడా తగ్గింది.

మెట్రోనోమ్‌తో బాగానే ఉంది. మే 4న పాట పెట్టగానే ఇద్దరం కుప్పకూలాం. పాట ఎనిమిదుల్లో నడుస్తుంది, మన ఆదితాళం లాగా. పల్లవి మళ్లీ ఎత్తుకున్నప్పుడల్లా కాళ్లు కూడా మొదటి నుంచి ఎత్తుకోవాలని చూస్తాయి. కానీ డాన్సు అక్కడ లేదు, ఏ వెనక నడకలోనో ఉంది. ఎక్కడో అడుగు పోయిందనుకుని ఆపేస్తాం. నిజానికి ఏమీ పోలేదు.

ఇక్కడ మాత్రం నా లెక్క అక్కరకొచ్చింది. 18ని 8తో భాగిస్తే 2 మిగులుతుంది. అంటే ప్రతి గోడా ఎనిమిదిలో రెండు దెబ్బలు జరిగి మొదలవుతుంది.

1. మొదటి గోడ: ఎనిమిదిలో 1వ దెబ్బ మీద
2. రెండో గోడ: 3వ దెబ్బ మీద
3. మూడో గోడ: 5వ దెబ్బ మీద
4. నాలుగో గోడ: 7వ దెబ్బ మీద
5. మళ్లీ మొదటి గోడ: 1వ దెబ్బ మీద

18కీ 8కీ క.సా.గు. 72. నాలుగు గోడలు 72. ఒంటి చుట్టూ 360 డిగ్రీలు పూర్తయ్యేదీ, పాట ఎనిమిది పూర్తయ్యేదీ ఒకే చోట. కూర్చినవాళ్లు అనుకుని చేశారో లేదో గానీ, ఇది తట్టిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. "సమం దగ్గర కలుస్తుందని చెప్పడానికి ఇంత కాగితమా" అంది మా ఆవిడ. సమం అంటే తాళంలో మొదటి దెబ్బ.

పనికొచ్చే ముక్క ఏమిటంటే, మధ్య గోడల్లో పాట, డాన్సు కలవకపోతే కంగారు పడొద్దు. మొదటి గోడకి వచ్చినప్పుడు మాత్రం చెవి పెట్టండి. మొదలుపెట్టింది సమం మీదే అయి, పాటలో మధ్యన అదనపు దెబ్బలేవీ లేకపోతే, అక్కడ సమం వచ్చి తీరాలి. రాకపోతే ఎక్కడో రెండు కౌంట్లు మింగారు.

*లెక్క: ఈ దశలో 10 సాధనలు, 200 నిమిషాలు. మొత్తం 22 సాధనలు, 395 నిమిషాలు. వేగం 96. తప్పులేని చుట్లు: నావి 11, ఆమెవి 16. ఖర్చు కొత్తగా లేదు.*

దశ 4: కొలతలు (మే 11–24)

తప్పులు తగ్గాయి, గుద్దుకోవడం తగ్గలేదు. ఇద్దరం సరిగ్గా ఆడుతూనే ఎందుకు దగ్గరవుతున్నామో తెలియలేదు. గరాజ్ నేల మీద మాస్కింగ్ టేపుతో పదడుగుల కూడిక గుర్తు వేశాను (టేపు 4 డాలర్లు, దాని కథ చివర్లో). కాలు దిగిన చోటల్లా మనవరాలు సుద్దముక్కతో గీసింది. ఆ పిల్లకి ఇది మహా సరదా, ఒక్క రోజు కూడా మానలేదు.

అయిదేసి సార్లు కొలిచి సగటు తీస్తే, నా కుడి అల్లిక 49 అంగుళాలు, ఎడమ అల్లిక 40. ప్రతి గోడకీ 9 అంగుళాలు కుడికి జరుగుతున్నాను. ఆమెవి 38, 37. ఎడమకాలు వెనక నుంచి దాటేటప్పుడు నాకు భయం లేదు. కుడికాలు దాటేటప్పుడు మాత్రం, మెలిపడిన మోకాలు గుర్తొచ్చి అడుగు కుదించుకుంటున్నాను.

జరిగితే జరిగాం, ప్రతి గోడకీ ఒకేలా జరిగితే నష్టం లేదు. ఎందుకంటే ఒక్కో గోడకీ మనం తొంభై డిగ్రీలు తిరుగుతాం. మొదటి గోడలో కుడికి జరిగిన 9 అంగుళాలు మూడో గోడలో ఎదురు దిక్కుకి పడి చెల్లిపోతాయి. రెండోదీ నాలుగోదీ అంతే. వెనక్కి నడిచిన దూరమూ అలాగే చెల్లుతుంది. చుట్టు అయ్యేసరికి బయల్దేరిన చోటే ఉండాలి. నేను మాత్రం 31 అంగుళాల దూరంలో తేలాను.

గోడవారీగా కొలిస్తే దొంగ దొరికాడు. షట్టరు, అల్మారా, ఇంటి తలుపు వైపు 9 చొప్పున సమానంగానే జరుగుతున్నాను. నాలుగో గోడలో, అంటే సైకిళ్ల వైపు తిరిగినప్పుడు, వెనక అల్మారా తగులుతుందేమోనని వెనక నడక సగానికి కుదిస్తున్నాను. ఆ మిగులంతా చెల్లకుండా ఉండిపోతోంది. నేను నిలబడే చోటు రెండడుగులు సైకిళ్ల వైపు జరిపాం. మర్నాడు తేడా 12 అంగుళాలు, వారానికి 7.

ఇద్దరు పక్కపక్కన ఆడాలంటే మధ్య ఎంత ఉండాలో కూడా దీన్నుంచే తేల్చుకున్నాం. చేతులు చాస్తే వేళ్లు తగలనంత దూరం, దానికి పైన ఒక అడుగు. మాకది అయిదున్నర అడుగులు. ముందు వెనక వరసల మధ్య ఇంకొంచెం ఎక్కువే కావాలి. వెనక నడక అందరికీ ఒకేలా ఉండదు.

24వ తేదీ ఎదురింటావిడ పెరట్లో చూద్దాం రమ్మంది. గరాజ్‌లో వరసగా ఆరు చుట్లు వేసి వెళ్లినవాళ్లం. అక్కడ రెండో గోడకే నేను దిక్కు తప్పాను. కారణం వెంటనే తెలిసింది. అక్కడ గోడల్లేవు! అల్మారా కనబడితే రెండోది, తలుపు కనబడితే మూడోది అని కళ్లతో నేర్చుకున్నాను, ఒంటితో కాదు. చుట్టూ కంచె, అన్నివైపులా ఒకటే రకం చెక్కలు. మా ఆవిడ నన్ను దాటి నాలుగో గోడ పూర్తి చేసి, ఆవిడతో కలిసి నవ్వుతూ నిలబడింది.

*లెక్క: ఈ దశలో 8 సాధనలు, 200 నిమిషాలు. మొత్తం 30 సాధనలు, 595 నిమిషాలు. వేగం 108. తప్పులేని చుట్లు: నావి 38, ఆమెవి 51. ఖర్చు మొత్తం 15 డాలర్లు.*

దశ 5: గడ్డి (మే 25–30)

మార్చినవి రెండే.

ఒకటి, ప్రతి సాధనా వేరే చోట. ఒకటి పార్కులో షెడ్డు కింద, ఒకటి సాయంత్రం ఖాళీగా ఉన్న పార్కింగులో, ఒకటి మా పెరట్లోనే. ప్రతిచోటా మొదటి గోడని వేరే దిక్కుకు పెట్టుకున్నాం. పార్కింగులో ఒకాయన కారు ఆపి అంతా బాగానే ఉందా అని అడిగి, విషయం తెలిశాక దిగి మాతో రెండు గోడలు ఆడి వెళ్లాడు. అతనికి 18 కౌంట్లూ కంఠతా వచ్చు.

రెండోది 18వ కౌంటు. సిమెంటు మీద మడమ రాసి ఊపడం బాగుంటుంది. గడ్డిలో బూటు కొన తట్టుకుంది. ఇక్కడి గడ్డి మెత్తగా కనబడుతుంది గానీ కింద తీగల్లా అల్లుకుని ఉంటుంది. నేను ముందుకి తూలి ఎదురింటావిడ కుర్చీ పట్టుకున్నాను. రాయడం మానేసి, కుడి మోకాలు కొద్దిగా పైకెత్తి వదిలేయడం మొదలుపెట్టాం. కౌంటు అదే, బరువు పడదు, తట్టుకోదు. గడ్డి మీద తోలు బూట్లు కూడా జారతాయి, వాకింగ్ షూ మేలు. దశ 2లో నేను చెప్పినదానికి ఇది పూర్తిగా తలకిందులని తెలుసు. నేలని బట్టి బూట్లు.

*లెక్క: 3 సాధనలు, 45 నిమిషాలు. మొత్తం 33 సాధనలు, 640 నిమిషాలు, అంటే 10 గంటల 40 నిమిషాలు. తప్పులేని చుట్లు: నావి 44, ఆమెవి 59.*

మే 31

నలభై మంది దాకా ఉన్నారు. మా ఆవిడ పులిహోర చేసి పట్టుకెళ్లింది. గిన్నె మొదటి అరగంటలోనే ఖాళీ. పాట ఎత్తుకోగానే ఎవరూ ఎవర్నీ పిలవలేదు, కుర్చీల్లోంచి లేచి అయిదు వరసలైపోయారు. మేం మూడో వరసలో మధ్యన నిలబడ్డాం. ఇది ముందే అనుకున్నది. చివర నిలబడితే తిరిగినప్పుడు మనమే ముందు వరస అవుతాం, చూసి వేయడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. మధ్యనుంటే నాలుగు గోడల్లోనూ ముందు ఎవరో ఒకరు ఉంటారు.

పాట నాలుగు నిమిషాలు నడిచింది. 108 వేగంలో అది 432 కౌంట్లు, 24 గోడలు, ఆరు చుట్లు. నేను రెండుచోట్ల తప్పాను. మూడో చుట్టులో పక్కనున్న కుర్రాడు వెనక నడకలో గిర్రున తిరిగితే వాణ్ణి చూస్తూ ఒక తకధిమి పోగొట్టుకున్నాను. అయిదో చుట్టులో వాళ్లంతా ముందుకి వంగి చెయ్యి నేలకి తాకించే చోట, 14లో, నేనూ వంగబోయాను. లేచేసరికి 16. మా ఆవిడ ఎక్కడా తప్పలేదు. పైగా నాలుగో చుట్టు నుంచి 4, 8, 12ల్లో చప్పట్లు కలిపింది, కోల్లేని కోలాటంలా. ముందు వరసలో ముసలావిడ ఒకామె వెనక్కి తిరిగి చూసి తనూ కలిపింది.

తర్వాత క్యూపిడ్ షఫుల్ అని ఇంకో డాన్సు పాట పెట్టారు. పాటలోనే అడుగులు చెబుతాడు, నేర్చుకోనక్కర్లేదన్నారు. ఇంగ్లీషు అర్థమయ్యేలోగా అడుగు అయిపోతోంది. మేం వచ్చి కూర్చున్నాం.

జూన్ 3: టేపు

చివర్లో చెబుతానన్నది ఇదే. మాస్కింగ్ టేపు మూడు వారాలు నేల మీదే ఉంచేశాను. గరాజ్‌లో ఎండ వేడికి జిగురు సిమెంటులోకి దిగిపోయింది. పీకితే కాగితం వచ్చింది, జిగురు రాలేదు. పదడుగుల కూడిక గుర్తు నల్లగా, మట్టి పట్టుకుని, కొట్టొచ్చినట్టు కనబడుతోంది. అబ్బాయి ఏమీ అనలేదు, కారు దాని మీద ఆపుతున్నాడు.

1. వేడినీళ్లు, సబ్బు: పోలేదు.
2. గీకుడు బిళ్ల: సిమెంటు మీద తెల్లటి గీతలు అదనం.
3. కొబ్బరినూనె రాసి రాత్రంతా ఉంచి, పొద్దున గుడ్డతో తుడవడం: చాలావరకు పోయింది. కానీ నూనె మరక మిగిలింది.
4. ఆ నూనె మరక మీద బేకింగ్ సోడా చల్లి, గిన్నెలు తోమే సబ్బుతో రుద్దడం: ఇవాళ ఉదయం చేశాను, ఆరాక చూడాలి.

మీరు టేపు వేస్తే ఏ రోజుకా రోజు పీకేయండి. లేదా మనవరాలి సుద్దముక్కతో గీసుకోండి, నీళ్లు పోస్తే పోతుంది.